పోర్టింగ్ చేసిన స్మాల్ బ్లాక్ షెవ్రొలేకు ఫెల్‌ప్రో 1205 ఇన్‌టేక్ గాస్కెట్: కొనేముందు, కోసేముందు

షెవ్రొలే కంపెనీ 1955లో 265 ఘనపుటంగుళాల పరిమాణంతో తెచ్చిన స్మాల్ బ్లాక్ వీ8 ఇంజనును అమెరికాలో ఇప్పటికీ ఎంతోమంది ఇంటి గరాజుల్లోనే విప్పి బిగించుకుంటున్నారు. డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో పాత కమారో కారునో పికప్ ట్రక్కునో బాగుచేసుకొనే తెలుగువారు కూడా ఉన్నారు. ఈ సమీక్ష ముఖ్యంగా వారి కోసం. సిలిండర్ల పైన బిగించే హెడ్లలోకి, వాటికి గాలి-పెట్రోలు మిశ్రమాన్ని పంచే ఇన్‌టేక్ మానిఫోల్డు నుంచి వచ్చే దారులే పోర్టులు; వాటిని గీకి వెడల్పు చేయడం పోర్టింగ్, హెడ్డుకూ మానిఫోల్డుకూ మధ్య లీకు కాకుండా పెట్టే పలుచని పలక గాస్కెట్. హెడ్లకు, మానిఫోల్డుకు పోర్టింగ్ చేయించిన నా 350 ఘనపుటంగుళాల ఇంజనుకు ఫెల్‌ప్రో 1205 గాస్కెట్లను కోసి, అంచులు సరిచేసి బిగించి వాడుతున్నాను. డబ్బంతా పోర్టింగుకు పెట్టి, చివరన గాస్కెట్‌ను మాత్రం డబ్బాలోంచి తీసింది తీసినట్టు బిగించేవారిని చూస్తుంటాను. పోర్టింగ్ చేసిన ఇంజనులో గాస్కెట్ రంధ్రం కూడా పోర్టులో ఒక భాగమే. ఆ ఒకటిన్నర మిల్లీమీటర్ల మందంలో గోడ ఎలా ఉందో చూసుకోకపోతే దానికి అటూ ఇటూ చేసిన పని సగం వృథా అవుతుంది.

ఫెల్‌ప్రో 1918లో షికాగో ప్రాంతంలో ఫెల్ట్ వస్తువుల తయారీతో మొదలైంది. 1998లో ఫెడరల్ మోగల్ దానిని కొన్నది. స్మాల్ బ్లాకు కోసం ఆ పేరుతో వచ్చే, అధిక పనితీరు ఇంజన్లకు వాడే గాస్కెట్లలో 1204, 1205, 1206 అనే మూడు సంఖ్యలు ఎంతగా వాడుకలో పడ్డాయంటే, ఇతర కంపెనీల హెడ్లను వర్ణించేటప్పుడు కూడా పోర్టు కొలత చెప్పడానికి బదులు ఈ సంఖ్యలనే చెబుతారు. 1204 రంధ్రం 1.23 అంగుళాల వెడల్పు, 1.99 అంగుళాల ఎత్తు, 1205ది 1.28, 2.09 అంగుళాలు, 1206ది 1.34, 2.21 అంగుళాలు. మూడింటి మందం 0.060 అంగుళం, అంటే సుమారు 1.5 మి.మీ. మూలల గుండ్రదనాన్ని పక్కన పెట్టి లెక్కిస్తే ఒక సంఖ్య నుంచి తరువాతి సంఖ్యకు రంధ్రం వైశాల్యం దాదాపు 10 శాతం పెరుగుతుంది. పోర్టింగ్ చేయని పాత ఇనుప హెడ్లకు 1204 సరిపోతుంది. ఒక్కో ఇన్‌టేక్ పోర్టు ఘనపరిమాణం 195 సీసీ ఉండే తరగతి అల్యూమినియం హెడ్లకు సాధారణంగా 1205ను, ఇంకా పెద్ద రన్నర్లు (గాలి దారులు) ఉన్న పందెపు హెడ్లకు 1206ను వాడతారు. ఈ మూడింటిలో ఒకదానితో మొదలుపెట్టి, మీ పోర్టుకు కావలసిన ఆ చివరి కొంత తేడాను మాత్రమే చేత్తో కోయడం సరైన పద్ధతి.

రంధ్రం పోర్టుకంటే చిన్నదిగా ఉంటే గాస్కెట్ అంచు గాలి దారిలోకి పొడుచుకు వస్తుంది. ఆ నష్టాన్ని చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. 1205 కొలతగల పోర్టులోకి నాలుగు వైపులా ఒక్క మిల్లీమీటరు అంచు పొడుచుకు వచ్చిందనుకుంటే, మూయబడే వైశాల్యం సుమారు 170 చదరపు మిల్లీమీటర్లు; మొత్తం రంధ్రంలో అది దాదాపు 10 శాతం. అంటే ఒక పెద్ద సంఖ్య గాస్కెట్‌కు తగినట్లు పోర్టును గీకించి తెచ్చుకున్న లాభం ఆ ఒక్క అంచు దగ్గరే చేజారిపోతుంది. వైశాల్యం తగ్గడం ఒక్కటే నష్టం కాదు. పదునైన అంచు వెనుక గాలి సుడి తిరుగుతుంది. కార్బురేటర్ నుంచి గాలిలో తేలుతూ వచ్చే పెట్రోలు తుంపరలు అక్కడ గోడకు అంటుకొని, చుక్కలుగా మారి, సిలిండరులోకి అస్తవ్యస్తంగా జారుతాయి. ఆధారం లేకుండా వేలాడే ఆ అంచు వేడికి, పెట్రోలుకు, గాలి తాకిడికి కాలక్రమంలో పీచులు పీచులుగా చిరిగి లోపలికి పోవచ్చు కూడా. దీనికి భిన్నంగా, రంధ్రం పోర్టుకంటే అర మిల్లీమీటరు పెద్దదైతే మిగిలేది సన్నని గాడి మాత్రమే. గాలి దానిని దాటిపోతుంది. అందుచేత రెండు తప్పులలో ఒకటి ఎంచుకోక తప్పదంటే, గాస్కెట్ కొంచెం పెద్దగా ఉండటమే మేలు.

హెడ్డుకూ మానిఫోల్డుకూ మధ్య కూడా ఇదే తర్కం పనిచేస్తుంది. గాలి మానిఫోల్డు నుంచి హెడ్డులోకి పోతుంది గనుక, హెడ్డు పోర్టు ముఖం మానిఫోల్డు నోటికంటే చుట్టూ అర మిల్లీమీటరు వరకూ పెద్దగా ఉన్నా గాలికి గోడ ఎదురుకాదు. అదే తలకిందులై మానిఫోల్డు నోరు పెద్దదై హెడ్డు చిన్నదైతే గాలి నేరుగా మెట్టును గుద్దుకుంటుంది. నేను చేయించిన పనిలో ముందు మానిఫోల్డు, దానికంటే కొద్దిగా పెద్దగా హెడ్డు, రెండింటికంటే ఒక వెంట్రుక వాసి పెద్దగా గాస్కెట్ ఉండేలా చూశాము.

గాస్కెట్‌ను అచ్చుగా పెట్టి హెడ్డు ముఖాన్ని ఆ గీత వరకూ గీకేయడాన్ని పోర్టింగ్ అనుకోవడం ఈ రంగంలో పాతుకుపోయిన అలవాటు. స్మాల్ బ్లాకు హెడ్డులో ఇన్‌టేక్ పోర్టు ముఖం నుంచి కొద్దిదూరం వెళ్ళగానే వాల్వులను తెరిపించే పుష్‌రాడ్ కడ్డీ దారి పక్కగా వచ్చి పోర్టును నొక్కేస్తుంది. గాలికి అసలు ఇరుకు ఆ చోటే. ముఖం దగ్గర ఒక అంగుళం లోతు వరకూ 1206 కొలతకు తెరిచి, లోపల పుష్‌రాడ్ గోడను ముట్టుకోకుండా వదిలేస్తే పోర్టు ముందు ఉబ్బి, ఆ వెంటనే సన్నబడుతుంది. గాలి వేగం అనవసరంగా తగ్గి మళ్ళీ పెరగవలసి వస్తుంది. తక్కువ ఆర్‌పీఎంలో బండి లాగుడు తగ్గడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ ఉండదు. కాబట్టి గాస్కెట్ కొలతను చూసి పోర్టు చేయకూడదు. పోర్టు పూర్తయ్యాక దాని కొలతను చూసి గాస్కెట్‌ను ఎంచుకోవాలి, ఆపైన కోయాలి. ఈ క్రమం నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. ఎందుకంటే హెడ్డు నుంచి ఒకసారి తీసేసిన లోహాన్ని తిరిగి పెట్టడం వెల్డింగుతో కూడిన పెద్ద పని. గాస్కెట్ పాడైతే ఇంకొకటి కొనుక్కోవచ్చు.

ఇక గాస్కెట్ సంగతికి వస్తే, 1205 పీచు కలిపిన మిశ్రమ పదార్థపు గాస్కెట్. పోర్టుల చుట్టూ, నీటి దారుల చుట్టూ ఉబ్బెత్తుగా ముద్రించిన సన్నని సిలికాన్ గీత ఉంటుంది. దీనిని ఆ కంపెనీ ప్రింటోసీల్ అంటుంది. బోల్టు బిగించినప్పుడు ఒత్తిడి మొదట ఆ గీత మీద పడి, లోహపు ముఖంలోని చిన్న చిన్న గీతలను, గుంటలను పూడ్చేస్తుంది. పాత ఇనుప హెడ్ల ముఖాలు అద్దంలా ఉండవు గనుక ఇది ఎంతో విలువైన గుణం. అయితే కోతకు హద్దును నిర్ణయించేది కూడా ఆ గీతే. కత్తి దాని లోపలి వైపునే ఉండాలి. గీతను ఎక్కడ కోసేస్తే అక్కడ సీలింగ్ బలం పోతుంది, ఇంక మామూలు కాగితపు గాస్కెట్‌కు దీనికి తేడా ఉండదు. ఒక్కో పక్కన ఒక మిల్లీమీటరుకు మించి కోయవలసి వస్తోందంటే 1205ను పక్కన పెట్టి 1206 కొనమనే చెబుతాను. 1206కీ మించిన పోర్టులైతే అసలు రంధ్రాలు లేని షీటు తెచ్చి మొత్తం కోసుకోవడం మంచిది.

గుర్తు పెట్టడం కోతకంటే జాగ్రత్తగా చేయవలసిన పని. హెడ్డు ముఖాన్ని పూర్తిగా శుభ్రంచేసి, పాత గాస్కెట్ అవశేషాలను ప్లాస్టిక్ గీకుడు పలకతో తీసి, నూనె జిడ్డు లేకుండా తుడవాలి. తరువాత యంత్రకార్మికులు వాడే నీలిరంగు పూత పోర్టుల చుట్టూ పూసి ఆరనివ్వాలి. గాస్కెట్‌ను పెట్టి, చివరి రంధ్రాలలో తలలు కోసిన రెండు బోల్టులను స్టడ్లలాగా నిలిపితే అది కదలదు. బోల్టు రంధ్రాలు బోల్టుకంటే పెద్దవి. అందువల్ల గాస్కెట్ పైకీ కిందికీ కొద్దిగా జరుగుతుంది. ఆ ఆటలో దాన్ని ఎక్కడ నిలపాలన్నది మనమే నిర్ణయించుకోవాలి. నేను పోర్టు పైకప్పును, జంట పోర్టుల మధ్య ఉన్న ఉమ్మడి గోడను ఆధారంగా తీసుకుంటాను. గాలి ప్రవాహం బలంగా సాగేది పైకప్పు వెంబడి. అక్కడ మెట్టు లేకుండా చూసుకుంటే అడుగున చిన్న తేడా ఉన్నా పెద్దగా బాధించదు. ఏ అంచును హెడ్డుకు ఆధారంగా తీసుకున్నామో మానిఫోల్డుకు కూడా అదే అంచును తీసుకోవాలి. లేకపోతే రెండూ విడివిడిగా గాస్కెట్‌తో సరిపోతాయి కానీ ఒకదానితో ఒకటి సరిపోవు. గుర్తు పెట్టుకోవడానికి గాస్కెట్ మీద ఎడమ హెడ్డు, కుడి హెడ్డు, ముందు, పైన అని మార్కరుతో రాసుకోవాలి. పోర్టింగ్ చేతిపని గనుక ఎనిమిది పోర్టులూ అచ్చు ఒకేలా ఉండవు. ఒక పక్క కోసిన గాస్కెట్‌ను రెండో పక్కకు మార్చి వేయకూడదు.

పోర్టు గీతను గాస్కెట్ వెనుక వైపు పడేలా చేయడానికి నాకు నచ్చిన మార్గం, పోర్టు అంచుకు చాలా పలుచగా రంగు లేదా గ్రీజు రాసి, స్టడ్ల మీదుగా గాస్కెట్‌ను దించి వేళ్ళతో ఒత్తడం. ముద్ర పడిన చోట పోర్టు అంచు ఎక్కడుందో కళ్ళకు కనిపిస్తుంది. ఆ ముద్రకు అర మిల్లీమీటరు బయట కొత్త గీత గీసుకోవాలి.

కోయడానికి కత్తెర పనికిరాదు. కత్తెర రెండు దవడల మధ్య గాస్కెట్ వంగి, పొరలు విడిపోతాయి. సిలికాన్ గీత కూడా పగులుతుంది. శస్త్రచికిత్సలో వాడే 11 నంబరు బ్లేడు మొనదేలి ఉంటుంది, మూలల దగ్గర బాగా తిరుగుతుంది. గట్టి చెక్క పలక మీద గాస్కెట్‌ను పరచి, మొదటి గీత కేవలం పై పొరను మాత్రమే తెంచేలా తేలికగా లాగాలి. తరువాత అదే గాడిలో మళ్ళీ మళ్ళీ లాగుతూ కిందికి దిగాలి. ఒక్క దెబ్బకు తెగాలని బలం పెడితే బ్లేడు పక్కకు వాలి, పైన ఒక కొలత, కింద ఒక కొలత వస్తుంది. బ్లేడు మొద్దుబారిందన్న అనుమానం రాగానే మార్చేయాలి. తెగిన అంచును సరిచేయడానికి ఉక్కు స్కేలుకు 120 నంబరు ఎమరీ కాగితం చుట్టి, పోర్టులోకి గాలి వెళ్ళే దిశలోనే తోయాలి; వెనక్కి లాగితే పీచు లేస్తుంది. ఎక్కువ భాగం తీయవలసినప్పుడు గాస్కెట్‌ను రెండు పలుచని ప్లైవుడ్ ముక్కల మధ్య బిగించి, ఆకురాయితో మూడింటినీ కలిపి రాస్తే అంచు నిలువుగా, శుభ్రంగా వస్తుంది.

ఈ పరీక్షలో 1205 చాలా బాగా నెగ్గింది. పదార్థం గట్టిగా ఉంటుంది. కత్తి దిగుతున్నప్పుడు నలిగిపోదు, ఎమరీ కాగితం కింద పొడిలా రాలుతుందే తప్ప పీచుగా లేవదు. మూలల గుండ్రదనాన్ని పెంచేటప్పుడు కూడా అంచు చిట్లలేదు. విజయవాడ ఆటోనగర్‌లో షీటు మీద పాత ముక్కను పెట్టి, చేత్తోనే గాస్కెట్ కోసి ఇచ్చే పనివారి నైపుణ్యం చూసినవారికి ఈ పని కొత్తగా అనిపించదు. అక్కడ చాలాచోట్ల కనిపించే, లోహపు అంచు మీదే గాస్కెట్ పెట్టి చిన్న సుత్తి గుండ్రటి తలతో కొట్టుకుంటూ తెంచే పద్ధతిని మాత్రం పోర్టింగ్ చేసిన అల్యూమినియం హెడ్డు మీద వాడకూడదు. సుత్తి దెబ్బలకు పోర్టు అంచు గుండ్రబడి, గాస్కెట్‌కు ఆనిక లేకుండా పోతుంది. ఆ పద్ధతి గట్టి ఇనుప ముఖాలకు పుట్టింది.

గాస్కెట్ ఎంత చక్కగా కోసినా, హెడ్లనో బ్లాకునో మిల్లింగ్ చేయించి (ముఖాన్ని యంత్రంతో చదునుగా కోయించి) ఉంటే అది సరిపడదు. వీ ఆకారపు ఇంజనులో హెడ్లు కిందికి దిగితే మానిఫోల్డు కూర్చునే చోటు ఇరుకవుతుంది. మానిఫోల్డు పైకి లేచి పోర్టులు ఒకదానికొకటి ఎదురుగా లేకుండా పోతాయి. స్మాల్ బ్లాకులో హెడ్డు అడుగు నుంచి తీసిన ప్రతి 0.010 అంగుళానికి మానిఫోల్డు పక్క ముఖం నుంచి సుమారు 0.0123 అంగుళం తీయాలన్నది మెషిన్ షాపుల్లో స్థిరపడిన లెక్క. ఆ తేడాను గాస్కెట్ రంధ్రాన్ని పొడవుగా కోసి దాచిపెట్టడం సరైన పరిష్కారం కాదు. గాస్కెట్ లేకుండా మానిఫోల్డును పెట్టి, నాలుగు మూలలా ఫీలర్ గేజి (సందును కొలిచే పలుచని రేకు) దూర్చి చూస్తే ముఖాలు సమాంతరంగా ఉన్నాయో లేదో తెలుస్తుంది. పైన ఒక సందు, కింద ఇంకొక సందు వస్తే ముందు మెషిన్ షాపుకు వెళ్ళాలి.

బిగించేటప్పుడు గాస్కెట్ జిగురును హెడ్డు వైపు మాత్రమే, అదీ పలుచగా రాస్తాను. మానిఫోల్డు వైపు పొడిగా వదిలేస్తే, తరువాత ఎప్పుడైనా విప్పినప్పుడు కోసిన గాస్కెట్ హెడ్డుకే అంటుకొని చెక్కుచెదరకుండా ఉంటుంది. ట్యూబులో వచ్చే, గది వేడికే గట్టిపడే ఆర్‌టీవీ సిలికాన్‌ను నీటి దారుల చుట్టూ పలుచగా పూయవచ్చు. పోర్టుల చుట్టూ పూయవద్దు. మామూలు సిలికాన్ పెట్రోలుకు తట్టుకోదు. ఉబ్బి, మెత్తబడి, ముక్కలై వాల్వు వైపు కొట్టుకుపోతుంది. గాస్కెట్ మీద ముద్రించిన సన్నని గీత నొక్కుడుపడి పదార్థంలోకి ఒదిగిపోతుంది. ట్యూబులోంచి పిండినది పోర్టులోకి పొంగి వేలాడుతుంది. రెండింటినీ ఒకటిగా చూడకూడదు. బ్లాకు ముందు, వెనుక గోడల మీద పెట్టమని కొన్ని సెట్లలో వచ్చే కార్కు లేదా రబ్బరు పట్టీలను నేను వాడను. అవి మానిఫోల్డును పైకి నెట్టి పక్క గాస్కెట్ల మీద ఒత్తిడిని తగ్గిస్తాయి, బిగింపులో బయటికి జారతాయి కూడా. ఆ రెండు గోడల మీద 6 మి.మీ. ఎత్తున ఆర్‌టీవీ వరుస వేస్తే చాలు. మానిఫోల్డును పక్కకు జరపకుండా నిటారుగా దించాలి. అందుకు నాలుగు మూలల్లో పెట్టిన స్టడ్లు ఎంతో ఉపకరిస్తాయి.

పాత నమూనా హెడ్లలో 12 బోల్టులుంటాయి. మధ్య నుంచి మొదలుపెట్టి బయటికి, రెండు మూడు విడతలుగా బిగించాలి. చివరి టార్కు మానిఫోల్డు తయారీదారు చెప్పినట్లు ఉండాలి. సాధారణంగా అది 25 నుంచి 30 పౌండ్-అడుగుల మధ్య ఉంటుంది. కొన్ని బోల్టు రంధ్రాలు ఇంజను లోపలికి తెరుచుకుంటాయి కనుక మరలకు సీలెంటు రాయకపోతే నూనె పైకి పాకుతుంది. ఇంజను ఒకసారి పూర్తిగా వేడెక్కి చల్లారాక టార్కును మళ్ళీ సరిచూడాలి. మిశ్రమ పదార్థపు గాస్కెట్ తొలి వేడికి కొద్దిగా అణుగుతుంది.

లీకు పరీక్ష విషయంలో ఒక హెచ్చరిక. మానిఫోల్డు అంచుల వెంబడి ఏదో ఒక స్ప్రే కొట్టి, ఐడిల్ (బండి నిలిచి ఉన్నప్పటి ఇంజను వేగం) మారలేదు గనుక లీకు లేదనుకోవడం ఈ ఇంజనులో సరిపోదు. పోర్టు పైభాగంలో లీకయితే బయటి గాలి లోపలికి పోతుంది, అది స్ప్రేకు దొరుకుతుంది. అడుగున లీకయితే పోర్టు లాగేది మానిఫోల్డు కింద, లిఫ్టర్లు (పుష్‌రాడ్లను ఎత్తే భాగాలు) ఉన్న వ్యాలీ అనే గుంటలోని నూనె ఆవిరిని. బయట చప్పుడు ఉండదు, స్ప్రేకు ఏమీ తెలియదు. స్పార్క్ ప్లగ్గులు నూనెతో తడుస్తాయి, పొగగొట్టం నుంచి నీలిపొగ వస్తుంది. చాలామంది పిస్టన్ రింగులు పోయాయనుకొని ఇంజను దించేస్తారు. కనిపెట్టే ఉపాయం సులువైనది: ఇంజను అడుగు గది అయిన క్రాంక్‌కేస్ నుంచి ఆవిరిని మానిఫోల్డులోకి పంపే పీసీవీ వాల్వు గొట్టాన్ని తీసి దాని నోరు మూసి, వాల్వు కవర్ల మీది గాలి దారులను కూడా మూసి, ఒక దాని దగ్గర వాక్యూమ్ గేజి పెట్టి ఐడిల్‌లో చూడాలి. ఆరోగ్యంగా ఉన్న ఇంజనులో క్రాంక్‌కేస్ ఒత్తిడి నెమ్మదిగా పెరుగుతుంది. దానికి బదులు వాక్యూమ్ కనిపిస్తే అడుగు అంచు లీకవుతున్నట్టే. రంధ్రాన్ని కిందివైపు ఎక్కువగా కోసిన గాస్కెట్లలో ఈ ముప్పు ఎక్కువ గనుక, కోత వీలైనంత వరకూ పైన, పక్కల ఉండేలా చూసుకోవాలని చెబుతున్నాను. నా ఇంజనులో ఈ పరీక్ష సంతృప్తికరంగా ముగిసింది. వేడిగా ఉన్నప్పుడు కూడా ఐడిల్ వాక్యూమ్ ముల్లు వణకకుండా నిలబడుతోంది.

ఒక జత ధర మంచి మెషిన్ షాపులో ఒక గంట కూలీకంటే తక్కువే. అందువల్ల రెండు జతలు కొని, మొదటిదాన్ని అచ్చుగా, కోత సాధనకు వాడి, రెండోదాన్ని ఇంజనుకు బిగించమని నా సలహా. కోసిన అచ్చును పడేయకుండా దాచుకుంటే తరువాత గాస్కెట్ మార్చవలసి వచ్చినప్పుడు హెడ్డు విప్పి మళ్ళీ గుర్తులు పెట్టే పని తప్పుతుంది.

1996 నుంచి వచ్చిన వోర్టెక్ అనే రకం హెడ్లకు మాత్రం 1205 సరిపోదు. వాటికి ఎనిమిది నిలువు బోల్టులు, వేరే ఆకారపు పోర్టులు, విడిగా తయారయ్యే గాస్కెట్లు ఉన్నాయి. 1987 నుంచి 1995 వరకు వచ్చిన ఇనుప హెడ్లలో మధ్య బోల్టుల కోణం మిగతావాటికి భిన్నంగా ఉంటుంది కనుక, ఆ హెడ్లున్నవారు గాస్కెట్ కొనేముందే మానిఫోల్డు రంధ్రాలు ఆ కోణానికి తగినవో కాదో చూసుకోవాలి. పోర్టింగ్ చేయని మామూలు 305, 350 ఇంజన్లకు 1205 కొనవలసిన అవసరమే లేదు. చిన్న పోర్టు మీద పెద్ద రంధ్రం పెడితే సీలింగుకు ఆనే వెడల్పు తగ్గడం తప్ప కలిసొచ్చేదేమీ లేదు. పోర్టింగ్ పూర్తిచేసి, కొలత తీసి చూస్తే 1.25 నుంచి 1.30 అంగుళాల వెడల్పు తేలినవారికి, ఓపికగా కత్తి పట్టగలిగినవారికి మాత్రం నేను వాడిచూసిన గాస్కెట్లలో దీన్నే మొదట చెబుతాను.